‘హాలో బాడీ అంటే అంతే’ అన్న మాట మీద నా కంప్లయింటు

విజయవాడలో హాలో బాడీ బేస్ గిటార్ భుజాన వేసుకుని, ఫలానా స్వరం దగ్గర జిర్రుమంటోందని ఎవరికి చెప్పినా ఒకటే సమాధానం వస్తుంది. "లోపల డొల్ల కదండీ, ఆ మాత్రం ఉంటుంది." గవర్నర్‌పేటలో వాయిద్యాలమ్మే ఒక కొట్టులో ఇదే అన్నారు. చర్చిలో కీబోర్డు వాయించే తమ్ముడూ ఇదే అన్నాడు. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో జుట్టు నెరిసిన పెద్దాయన ఒకరు ఇంకో అడుగు ముందుకేసి, "అది దాని కంఠం బాబూ, దాని జోలికి వెళ్ళకు" అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ అది కంఠం కాదు. ఎక్కడో ఏదో వదులైంది, అంతే.

డొల్ల చెక్క తనంతట తాను జిర్రుమనదు. ఆ శబ్దం రావాలంటే రెండు వస్తువులు సెకనుకు పదుల సార్లు, వందల సార్లు ఒకదానికొకటి తగిలి విడిపోతూ ఉండాలి. తీగా, మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు, అంటే ఫ్రెట్టూ కావచ్చు, వాషరూ చెక్కా కావచ్చు, లోపలి వైరూ వెనక పలకా కావచ్చు. డొల్లతనం చేసేదల్లా ఆ చిన్న తాకిడిని పెద్దది చేసి వినిపించడం. కాబట్టి ప్రతి చప్పుడు వెనకా తగులుకుంటున్న రెండు వస్తువులు ఉంటాయి, వాటిని పట్టుకోవచ్చు. ‘దాని స్వభావం’ అనడం వెతకడానికి బద్ధకించి చెప్పే మాట.

ఈ రకం బేస్‌లో బెడద ఎక్కువన్న మాట మాత్రం నిజమే. బేస్‌కి ఉండే నాలుగు తీగల్ని ఎక్కడా అదమకుండా వదిలి మీటితే ‘ఇ’ తీగ సుమారు 41 హెర్ట్జ్, ‘ఎ’ 55, ‘డి’ 73, ‘జి’ 98. ఇంత కింది స్వరాలకి తీగ ఊగే మేర కూడా ఎక్కువ. దానికి తోడు పైపలక పల్చన, వెనక పలక పల్చన. 1956లో హోఫ్‌నర్ కంపెనీ బయటికి తెచ్చిన వయొలిన్ ఆకారపు బేస్‌లో లోపల చెక్క దిమ్మ ఉండదు, వయొలిన్‌లో ఉండే నిలువు పుల్ల కూడా ఉండదు. పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొని ప్రపంచమంతా తెలిసేలా చేసింది దాన్నే. గిబ్సన్ 1958లో ఈబీ-2 చేసినప్పుడు మధ్యలో నిలువునా మేపుల్ దిమ్మ పెట్టింది. అలాంటివి సెమీ హాలో. దిమ్మ ఉంటే పలకల ఊపు తగ్గుతుంది, గోల కూడా తగ్గుతుంది. దిమ్మ లేని వాటిలో ప్రతి స్క్రూకీ ఆ కుదుపు అందుతుంది. అంటే వదులైనదానికి దాక్కోవడం కుదరదన్నమాట. నా దృష్టిలో అదొక సుగుణం.

నా దగ్గరున్నది దిమ్మ లేని రకం. 30 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు), పైపలకలో ‘f’ ఆకారపు కన్నాలు రెండు (ఎఫ్-హోల్స్), తీగలు ఆనే, వాటి ఒత్తిడితోనే నిలబడే చెక్క బ్రిడ్జ్, దాని వెనక తీగల కొసల్ని పట్టుకుని వేలాడే టెయిల్‌పీస్. గుంటూరులో ఒక ఆర్కెస్ట్రా వాళ్ళు సామాను అమ్మేస్తుంటే బ్రాడీపేటకి వెళ్ళి తెచ్చుకున్నాను. మెడ చివర ట్యూనింగ్ కీలుండే హెడ్‌స్టాక్ మీద పేరు అరిగిపోయింది, ఎవరు చేశారో చెప్పడం కష్టం. ఇంటికొచ్చాక ఎఫ్-హోల్‌లోంచి టార్చి వేసి చూస్తే లోపలంతా పరుపు స్పాంజి. ఎవరో ఓపిగ్గా ముక్కలు కోసి కూరారు. ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్నట్టు, ఒక్క స్వరం దగ్గర వచ్చే చప్పుడు కోసం గిటార్ గొంతంతా నొక్కేశారు. పైగా ఆ చప్పుడు స్పాంజితో పాటే హాయిగా కాపురం చేస్తోంది.

స్పాంజిని పూర్తిగా తిట్టను. పెద్ద స్టేజీ మీద యాంప్ (యాంప్లిఫయర్) పక్కన నిలబడి గట్టిగా వాయించేటప్పుడు హాలో బాడీ ఫీడ్‌బ్యాక్ మొదలుపెడుతుంది, ఒక్కో స్వరం దానంతటదే ఉబ్బి ఊళ పెడుతుంది. దానికి స్పాంజి పనికొస్తుంది, ఎఫ్-హోల్స్ మూసే రబ్బరు బిరడాలు ఇంకా బాగా పనికొస్తాయి. కానీ వదులైన నట్టుకి స్పాంజి మందు కాదు.

దొరికే మిగతా సలహాలు కూడా ఈ తరహావే. యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) పెంచు, లావు తీగలు వెయ్యి, ట్రస్ రాడ్ (మెడ వంపు సర్దే లోపలి కడ్డీ) ఒక చుట్టు తిప్పు. అన్నీ గిటార్ మొత్తాన్ని కదిలించే పనులు. జబ్బు మాత్రం ఒక్కచోట ఉంటుంది. ఏదైనా తిప్పే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

ఒకే స్వరం బేస్ మెడ మీద ఒకటికంటే ఎక్కువ చోట్ల దొరుకుతుంది. ‘ఎ’ తీగ మీద మూడో ఫ్రెట్ దగ్గర ‘సి’ ఉంది, సుమారు 65 హెర్ట్జ్. అదే ‘సి’, అదే స్థాయిలో, ‘ఇ’ తీగ మీద ఎనిమిదో ఫ్రెట్ దగ్గరా ఉంది. మొదటి చోట జిర్రుమంది అనుకుందాం. రెండో చోట వాయించండి. అక్కడ శుభ్రంగా పలికితే గొడవ తీగకీ ఫ్రెట్‌కీ మధ్య. అక్కడా జిర్రుమంటే ఫ్రెట్‌కి సంబంధమే లేదు, ఆ స్వరానికి స్పందించి మోగే వస్తువేదో గిటార్‌లోనో గదిలోనో ఉంది. వెతుకులాటలో సగం ఈ ఒక్క పరీక్షతో అయిపోతుంది. ఇది చేయకుండానే ట్రస్ రాడ్ మీద చెయ్యి వేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నా గిటార్‌లో రెండు చోట్లా జిర్రుమంది. స్పాంజి బయటికి లాగేశాక ఇంకా స్పష్టంగా వినబడింది. ఒక స్థాయి (ఆక్టేవ్) పైన, ‘జి’ తీగ ఐదో ఫ్రెట్ మీద ‘సి’ వాయిస్తే మరీ ఎక్కువ. ‘ఇ’ తీగ మొదటి ఫ్రెట్ మీద ‘ఎఫ్’ వాయించినా లీలగా వస్తోంది. ‘సి’కీ ‘ఎఫ్’కీ ఏమిటి చుట్టరికం? లెక్క వేస్తే ఉంది. పై ‘సి’ 131 హెర్ట్జ్. కింది ‘సి’ 65.4, దాని రెండో హార్మోనిక్, అంటే దానికి రెండింతలు, 131. ఆ ‘ఎఫ్’ 43.65, దాని మూడో హార్మోనిక్ కూడా 131. అంటే గిటార్‌లో ఏదో ఒక వస్తువు 131 దగ్గర ఊగడానికి సిద్ధంగా కూర్చుంది. ఏ స్వరంలో ఆ 131 కొంచెం కలిసినా అది లేచి ఆడుతోంది. ఎన్ని స్వరాలు జిర్రుమంటే అన్ని లోపాలున్నాయని భయపడక్కర్లేదు. ఆ స్వరాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న సంఖ్య ఏదో చూస్తే చాలు.

సంఖ్య దొరికాక రెండు చేతులూ ఖాళీ చేసుకోవాలి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఒకటి వేసుకుని, ఫోన్‌ని యాంప్‌కి కలిపి, 131 దగ్గర పెట్టాను. (ఫోన్ స్పీకర్ వల్ల కాదు, అంత కింది స్వరాలు దానికి సరిగ్గా పలకవు.) తీగల కింద బట్ట దోపి, గిటార్‌ని యాంప్ ముందు ఒళ్ళో పెట్టుకుంటే, తీగ ముట్టుకోకుండానే గిటార్ జిర్రుమనడం మొదలుపెట్టింది. ఇక ఒక్కో భాగాన్నీ వేలితో అదుముకుంటూ పోవడమే. తీగల కదలికని పట్టే పికప్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేము, నాబులు, పిక్‌గార్డు, దాన్ని పట్టుకునే రేకు, బెల్టు తగిలించే బొత్తం, కేబుల్ గుచ్చే జాక్ నట్టు. దేన్ని అదిమినా ఆగలేదు. వెనక పలక మీద అరచెయ్యి ఆనించగానే ఆగింది. లోపల, వాల్యూమ్ నాబు కింద ఉండే పాట్ నుంచి జాక్‌కి వెళ్ళే వైరు పొడవెక్కువై, వేలాడి, వెనక పలకని తాకుతోంది. చెప్పుకోదగ్గ బరువు లేని ఒక వైరు ముక్క ఇంత గోల పెట్టింది.

దాన్ని సరిచేయడం కష్టమేమీ కాదు, విసుగు పని. దిమ్మ లేని గిటార్‌లో పాట్లూ జాకూ అన్నీ ఎఫ్-హోల్‌లోంచే లోపలికి వెళ్ళాలి, బయటికీ అలాగే రావాలి. జాక్ విప్పే ముందు దానికి ఒక గట్టి దారం కట్టి, ఆ దారం కొసని కన్నంలోంచి బయటికి ఉంచుకోవాలి. పనయ్యాక దారం లాగితే జాక్ దాని చోటికి అదే వస్తుంది. దారం కట్టకపోతే ఆ సాయంత్రమంతా ఎఫ్-హోల్‌లో వేళ్ళు పెట్టుకుని కూర్చోవాలి. వైరుకి పల్చటి స్పాంజి చుట్టి, క్లిప్పుతో గిటార్ లోపలి పక్క గోడకి అంటించేశాను. పాత స్పాంజి గుట్టలోంచి అరచేతిలో పట్టే ముక్క ఆ రకంగా పనికొచ్చింది.

‘సి’ బాగుపడింది. తరవాత ‘ఎ’ దగ్గర ఇంకోటి బయటపడింది. పెద్ద చప్పుడు ఆగాక చిన్నది వినబడడం మామూలే, అది కొత్తగా వచ్చిందని కంగారు పడకూడదు. ఇది మాత్రం బ్రిడ్జ్ దగ్గర్నుంచి వస్తున్నట్టు స్పష్టంగా తెలుస్తోంది. చెవి పెట్టి విన్నా బ్రిడ్జే. ఇక్కడ నాకు దారి చూపింది ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు చూసే మా పెదనాన్నగారి అబ్బాయి. మెకానిక్‌లు పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటారు కదా. అన్నయ్య గిటార్ చూసి, "ఒరే, సౌండ్ వినపడే చోట విప్పొద్దు. ఎక్కడ పట్టుకుంటే ఆగుతుందో అక్కడ విప్పు" అని ఒక పెట్రోలు పైపు ముక్క చేతిలో పెట్టాడు. ఒక కొస చెవిలో, రెండో కొస గిటార్ మీద. ఇంకొకరు ‘ఎ’ మీటుతూ ఉంటే పైపుని అంగుళం అంగుళం జరుపుకుంటూ పోవాలి. బ్రిడ్జ్ దగ్గర ఏమీ లేదు. హెడ్‌స్టాక్ దగ్గర, ‘డి’ తీగ ట్యూనింగ్ కీ కడ్డీ చుట్టూ ఉండే చిన్న లోహపు బుష్షు కన్నంలో ఆడుతోంది. దాని అదురు మెడలోంచి కిందికి దిగి, పైపలక పెద్దది కాబట్టి అక్కడ పెద్దగా వినిపిస్తోంది. ఆ బుష్షు చుట్టూ సన్నటి కాగితం పట్టీ చుట్టి బిగువుగా లోపలికి నొక్కితే సరిపోయింది. మర ఉన్న రకం నట్టు అయితే స్పానర్‌తో బిగించడమే.

హాలో బాడీలో చెవిని నమ్మి చోటు చెప్పకూడదు. చెవి స్వరాన్ని కచ్చితంగా చెబుతుంది, చోటుని మాత్రం ఎప్పుడూ పైపలక మీదకే తోస్తుంది.

వదులయ్యే భాగాలన్నిటి చిట్టా రాయబోవడం లేదు. అనుమానం ఎక్కువగా నిలిచేవి కొన్ని ఉన్నాయి. బ్రిడ్జ్ వెనక, టెయిల్‌పీస్ దాకా ఉండే తీగ ముక్కలు వాటి సొంత స్వరంతో గింగురుమంటాయి, వాటి మధ్య చిన్న బట్ట పేలిక అల్లితే నోరు మూస్తాయి. లోహపు బ్రిడ్జ్ అయితే, ఒక్కో తీగ ఆనే శాడిల్ స్క్రూలు, వాటిని పట్టి ఉంచే సన్నటి తీగ ఆడుతుంటాయి. తీగలోనే లోపం ఉండొచ్చు. లోపలి కోర్ మీద చుట్టు సడలిన తీగ కొత్తదైనా బరబరమంటుంది, దాన్ని మార్చడం తప్ప దారి లేదు. స్క్రూలు మాటిమాటికీ వదులైతే మరల మీద కొంచెం గోళ్ళ రంగు, రంగులేనిది, రాసి బిగించండి. మళ్ళీ విప్పుకోవడానికీ వీలుంటుంది.

అన్నిటికంటే తిప్పలు పెట్టేది లోపల ఊతంగా ఉండే చెక్క బద్ద ఊడితే. పైపలక కింద అంటించిన బద్ద ఒక కొస వదిలితే ఆ జిర్రు ఏ ఒక్క స్వరానికీ కట్టుబడదు, కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. పలక మీద వేలి కణుపుతో అంగుళం అంగుళం తట్టి చూడాలి. అతుకు ఊడిన చోట మోత మారుతుంది, కింద ఏదో చప్పట్లు కొట్టినట్టు ఉంటుంది. ఫోన్‌కి తగిలించే చవక కెమెరా వైరు ఎఫ్-హోల్‌లోకి పంపితే కళ్ళారా చూడొచ్చు. మే నెలలో మన ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. తలుపులు వేసిన కారు డిక్కీలో అంతకంటే ఎక్కువే ఉంటుంది, అంత వేడికి జిగురు మెత్తబడుతుంది. మధ్యాహ్నం మంగళగిరిలో పెళ్ళి, సాయంత్రం తెనాలిలో రిసెప్షన్ అంటూ గిటార్‌ని డిక్కీలో ఉడకబెట్టేవాళ్ళకి ఇది వచ్చే జబ్బే.

ఇక ఫ్రెట్ సంగతి, అంటే రెండో చోట శుభ్రంగా పలికిన కేసు. ఇందులోనూ ఎక్కడ జిర్రుమంటోందో అదే చాలావరకు చెప్పేస్తుంది. ఒక్క ఫ్రెట్ దగ్గరే అయితే దాని తరవాతి ఫ్రెట్ ఎత్తుగా లేచి ఉంది. వదిలి మీటిన తీగ ఒక్కటే జిర్రుమంటే మెడ పైకొసన తీగలు ఆనే ‘నట్’ అనే పట్టీలో గాడి లోతైపోయింది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే గొడవ ఉంటే మెడ మరీ తిన్నగా అయింది, లేదా వెనక్కి వంగింది. అప్పుడు, అప్పుడు మాత్రమే ట్రస్ రాడ్. మొదటి ఫ్రెట్ దగ్గర క్యాపో (తీగల్ని అదిమి ఉంచే క్లిప్పు) బిగించి, మెడ గిటార్‌ని కలిసే చోట తీగని అదిమి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు చూడాలి. 0.3 మిల్లీమీటర్లు, అంటే ఒక విజిటింగ్ కార్డు పట్టేంత సందు ఉంటే మెడని వదిలెయ్యండి. తిప్పాల్సి వస్తే పావు చుట్టు తిప్పి, ఒక పూట ఆగి, మళ్ళీ చూడాలి. ట్రస్ రాడ్ పూర్తిగా వదులైపోతే మెడ లోపల అదే గిలక్కాయలా కొట్టుకుంటుంది. వదులు చేసి చేసి అక్కడిదాకా తెచ్చి, తరవాత ఆ చప్పుడు గురించే అడిగేవాళ్ళూ ఉన్నారు.

యాంప్‌లో పెట్టినప్పుడే వచ్చే రొద వేరే సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ ఝుంకారానికి ఫోన్ ట్యూనర్ చూపిస్తే ‘జి’ అంటుంది, సుమారు 35 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) హెచ్చుగా, ఎందుకంటే అసలు ‘జి’ 49. గిటార్ మీద ఏ స్వరం వాయించినా, వాయించకపోయినా ట్యూనర్ ఆ హెచ్చు ‘జి’నే చూపిస్తే చెక్కలో వెతకడం దండగ. సీలింగ్ ఫ్యాన్‌కి పెట్టే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లలో కొన్ని రకాలు కరెంటు అలని ముక్కలు చేస్తాయి, స్పీడు తగ్గించినప్పుడు యాంప్‌లో గరగర పెరుగుతుంది. కరెంటు పోయి చవక ఇన్వర్టర్ మీద నడిస్తే ఇంకో రకం గరగర. తీగల మీద చెయ్యి వేయగానే రొద తగ్గుతుంటే బయటి ఝుంకారాన్ని గిటార్ పట్టుకుంటోంది, గ్రౌండ్ వైరు కూడా ఒకసారి చూసుకోవాలి. రొద పోతుంది కదా అని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు మాత్రం వద్దు. తీగల మీద చేతులు పెట్టి నిలబడేది మనమే.

గదిని కూడా అనుమానించాలి. మా ఇంట్లో ఇనప బీరువా తలుపు ‘డి’ దగ్గర పాడేది. చర్చిలో అయితే మొదటి ముద్దాయి స్నేర్ డ్రమ్. దాని కింద ఉండే తీగల పట్టీ బేస్ మోగినప్పుడల్లా ఝుయ్యిమంటుంది, అందరూ బేస్ వైపు చూస్తారు. పక్కనున్న మీట ఒకటి దించితే ఆగిపోతుంది. అందుకే వెతికేటప్పుడు ఫ్యాన్ ఆపి, గిటార్‌ని వేరే గదిలోకి తీసుకెళ్ళి ఒకసారి వాయించి చూడాలి. చప్పుడు వెంట రాకపోతే అది గిటార్‌ది కాదు.

ఇంత కష్టం అవసరమా అనే వాదన ఒకటుంది, అది గట్టిదే. పికప్ వినేది ఇనప తీగల కదలికని. పిక్‌గార్డు గిలగిలలాడడం చాలాసార్లు యాంప్‌లోకి వెళ్ళనే వెళ్ళదు. డ్రమ్స్, కీబోర్డు, నలభై మంది కోరస్ మధ్య ఎవరికి వినబడుతుంది? ఎవరికీ వినబడదు, ఒప్పుకుంటాను. వచ్చే ఆదివారం పాటలుండగా శనివారం రాత్రి జాక్ విప్పమని నేనూ చెప్పను. కానీ వాయించేవాడి చెవికి అది వినబడుతూనే ఉంటుంది. తెలియకుండానే ఆ స్వరాన్ని మెల్లగా మీటడం, లేదా ఇంకో తీగ మీదకి పారిపోవడం మొదలవుతుంది. ‘సి’ వాయించాల్సిన చోట భయంగా వాయిస్తే అది మాత్రం యాంప్‌లో వినబడుతుంది. పైగా ఇంట్లో యాంప్ లేకుండా వాయించుకోవచ్చనే కదా హాలో బాడీ కొనేది.

ఆ పెద్దాయన ‘కంఠం’ మాటకి కూడా జవాబు చెప్పాలి. మన సంగీతంలో జీరకి గౌరవం ఉంది. ఘంటసాల సంగీత కళాశాల పక్కగా నడిచి వెళ్తుంటే వినబడే తంబురా నాదంలో ఆ జుమ్మనడమే ప్రాణం. కుచ్చి మృదంగంలో పుల్ల ముక్కలు పెట్టేదీ దాని కోసమే. కానీ తంబురాలో అది బ్రిడ్జ్ మీద తీగ కింద దూర్చిన జీవ, ఒక దారప్పోగు. వెంట్రుకవాసి జరిపితే నాదం విచ్చుకుంటుంది, తీసేస్తే మూగబోతుంది. పెట్టినవాళ్ళకి అదెక్కడుందో తెలుసు, నాలుగు తీగలకీ సమంగా పలికేలా సర్దుతారు. ఒక్క ‘సి’కి మాత్రమే లేచే వేలాడే వైరుకి ఆ గౌరవం ఇవ్వలేను.

పాత హాలో బాడీ కొనబోయేవాళ్ళకి ఒక మాట. యాంప్‌లో పెట్టి చూపిస్తామంటారు, ముందు యాంప్ లేకుండా వినండి. ‘ఇ’ తీగ మొదటి ఫ్రెట్ నుంచి ‘జి’ తీగ పన్నెండో ఫ్రెట్ దాకా ఒక్కో ఫ్రెట్ ఆగి ఆగి గట్టిగా మీటండి. అమ్మేవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ఎక్కడ జిర్రుమన్నా అదే స్వరం రెండో చోట వాయించి చూడండి. వేలితో అదిమితే ఆగే చప్పుడైతే అది బేరానికి పనికొస్తుంది, మొహం కొంచెం దిగాలుగా పెట్టి ధర తగ్గించమనండి, ఇంటికెళ్ళి బిగించుకోవచ్చు. ఎక్కడ అదిమినా ఆగక, పలక మీద తడితే మోత తేడాగా ఉంటే అది లోపలి బద్ద, లేదా అంచు అతుకు. దాన్ని విప్పి అంటించే పనివాళ్ళు మన దగ్గర తేలిగ్గా దొరకరు. అలాంటిది సగం ధరకి ఇస్తామన్నా తీసుకోవద్దు.